గద్వాల మట్టికోట: ఫిరంగికి జవాబా, నేల చూపిన దారా?

గద్వాల కోటను పెద సోమభూపాలుడు, అంటే జనం నోట సోమనాద్రి, కట్టించాడని సంస్థాన చరిత్ర చెబుతుంది. ఆయన కాలానికి దక్కన్‌లో ఫిరంగి కొత్తది కాదు. అయినా కోట గోడ మట్టిది, చుట్టూ కందకం. కాబట్టి ఫిరంగి దెబ్బ కాచుకోవడానికే మట్టిని ఎంచుకున్నారని అనిపించడం సహజం. ఆ మాట ఎంతవరకు నిలుస్తుంది?

మట్టి బలం మాత్రం నిజం. గుండు తగిలితే రాయి పగిలి, పెచ్చులు లోపలివారి మీదే పడతాయి. మందపాటి మట్టికట్టలో గుండు దిగబడిపోతుంది. పడ్డ గుంటను రాత్రికి రాత్రే పూడ్చుకోవచ్చు. ఇవాళ యుద్ధ ట్యాంకు కోసం తవ్వే గుంతలోనూ ఇదే సూత్రం: బండి ఒళ్లంతా నేలలోకి దిగుతుంది, టరెట్ ఒక్కటే పైకి కనిపిస్తుంది. మన సైన్యం వాడే టీ-72కు ముందుభాగం అడుగున మట్టి తోసే బ్లేడు కూడా ఉంది. అయితే పోగేసిన కట్టను అతిగా నమ్మకూడదు. 1991 గల్ఫ్ యుద్ధంలో ఇసుక కట్టల చాటున ఉన్న ఇరాకీ ట్యాంకులను అమెరికన్ గుళ్లు ఆ కట్టలను చీల్చుకుని వెళ్లి కొట్టాయి. పోసిన మట్టి కన్నా తవ్వని నేలే గట్టి కాపు.

కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న ఈ దోఆబులో ఆ తెలివి పాతదే. 1520 రాయచూరు యుద్ధంలో బీజాపూర్ సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్‌షా కృష్ణ దాటి, కందకాలు తవ్వుకుని, ఫిరంగులు నిలిపాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. అయినా గెలుపు కృష్ణదేవరాయలదే. న్యూనిజ్ రాసింది కొన్నేళ్ల తర్వాత గనుక వివరాలను ఆచితూచి తీసుకోవాలి.

ఫిరంగి కోసమే మట్టి అన్న మాటకు ఎదురు సాక్ష్యం పక్క జిల్లాలోనే ఉంది. వనపర్తి వైపు ఖిల్లా ఘనపురం, పానగల్లు కోటలు రాతివి, గుట్టల మీదివి. అక్కడ గుట్టే సగం గోడ. గద్వాలది చదును నేల. అక్కడ కందకం తవ్వితే వచ్చిన మట్టే గోడ అవుతుంది. నా మటుకు ఈ కారణమే ముందు వరసలో నిలుస్తుంది. ఫిరంగి కాపు దానితో కలిసొచ్చిన లాభం కావచ్చు.

మట్టి పనికి దేశమంతా పేరుపడ్డ ఈ పాలమూరు ప్రాంతపు కూలీల నైపుణ్యాన్ని నేరుగా ఈ కోటకు ముడిపెట్టలేం. కానీ గోడే సాక్ష్యం చెప్పగలదు: అది కూలిన చోట పొరలు తేలుతాయి. ఒక్కో పొరను ఎంత మందం వేసి, ఎంత దిమ్మిస కొట్టారో కొలవవచ్చు. గుళ్ల దెబ్బకు తట్టుకునేలా కట్టారా, ఉత్తగా పోసిన మట్టేనా అన్నది ఆ కొలతలే చెప్పాలి. ప్రతి వానకూ ఆ అంచులు కరుగుతున్నాయి గనుక ఆ పని ఇప్పుడే జరగాలి.