చందా ప్రియుడెవరు?

పాటకత్తె అనగానే మన దగ్గర ఓ సీరియల్ నవల సిద్ధంగా ఉంటుంది. విడిపోయిన ప్రియుడు, ఏళ్ల తర్వాత ఓ మెహఫిల్‌లో మళ్లీ కలవడం, అతనెవరో చివరిదాకా తెలియని ఉత్కంఠ. పాతబస్తీలో మహలఖాబాయి చందా (1768–1824) పేరెత్తినా అదే ప్రశ్న: ఆమె మనసిచ్చింది ఎవరికి? నిజాం అలీఖాన్‌కా, ప్రధాని మీర్ ఆలమ్‌కా?

ఖయాల్, టప్పా పాడే ఈ గాయని 1798లో తన గజళ్లను దివాన్‌గా కూర్చుకుంది. మరుసటి ఏడాది ఒక ప్రతిని కెప్టెన్ జాన్ మాల్కమ్‌కి కానుకగా ఇచ్చింది. అదిప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఇందులోనూ ప్రేమకథ వెతకొచ్చు. నాకు మాత్రం ఇంగ్లీషువాళ్ల బలం పెరుగుతోందని గ్రహించిన దర్బారు మనిషి తెలివి కనిపిస్తుంది. మగవాళ్లు చేస్తే దీన్ని రాజనీతి అంటాం.

పోనీ గజళ్లలో దొరుకుతాడా? ఉర్దూ గజల్‌లో ప్రేమపాత్రని పుంలింగంలోనే చెప్పడం ఆనవాయితీ, రాసేది ఎవరైనా సరే. వాటిని ఆమె డైరీలా చదవలేం. పైగా చాలా గజళ్లలో, సస్పెన్స్ విడిపోవాల్సిన ఆఖరి చరణంలో వినిపించే పేరు హజ్రత్ అలీది!

ఆమె ప్రేమకి రాతిలో ఆనవాలు కావాలంటే మౌలాలీ గుట్ట కిందికి వెళ్లాలి. 1792లో తల్లి రాజ్ కున్వర్‌కి కట్టించిన సమాధి అక్కడుంది. 1824లో చందాని కూడా అక్కడే, అమ్మ పక్కన ఖననం చేశారు.