సూత్రం చెప్పని కోణం

నేను తెలుగు చెప్పుకొని బ్రతికేవాణ్ణి. లెక్కలతో పొత్తు తక్కువ. అయినా మా కాలేజీ విద్యార్థి ఒకడు తన పరీక్షకాగితం చూపి, సగం మార్కులు ఎందుకు పోయినవో తెలియటం లేదని మొరపెట్టుకుంటే, వానితో కూడా లెక్కల మేష్టారి గదికి వెళ్లాను.

ప్రశ్న చిన్నది. ఒక త్రిభుజంలో ఒక కోణం 30 డిగ్రీలు, దాని ఎదుటి భుజం 5, మరొక భుజం 8. ఆ రెండవ భుజానికి ఎదుటి కోణమెంత? ప్రతి భుజాన్నీ దాని ఎదుటి కోణపు సైన్‌తో భాగిస్తే ఒకే విలువ రావాలి గదా! 30 డిగ్రీల సైన్ సగం. 8లో సగాన్ని 5తో భాగిస్తే 0.8, కోణం సుమారు 53 డిగ్రీలు. కుర్రవాడు అక్కడ కలం మూశాడు. కాని 127 డిగ్రీల సైన్ కూడా సుమారు 0.8 యే. అవే కొలతలకు రెండు త్రిభుజాలు కుదురుతవి. ఏది నిజమో సూత్రం చెప్పదు. నేలమీద నిలిచి చూచినవాడు చెప్పాలి.

ఈ మాట నన్ను వదలలేదు. ఎందుకంటే మన దేశపటం ఈ సూత్రంమీదనే లేచింది. 1802లో మద్రాసు దగ్గర సెంట్ థామస్ మౌంట్ ప్రాంతాన, బ్రిటిషు రాజు సైన్యానికి చెందిన లాంబ్టన్ ఏడున్నర మైళ్ల ఆధారరేఖను ఉక్కుగొలుసుతో కొలిపించాడు. 57 రోజులు పట్టింది. ఒక భుజం తెలిసిన తరువాత కోణాలు చూస్తే చాలు, మిగతా భుజాలు లెక్కకు వస్తవి. ఆ భుజమే తరువాతి త్రిభుజానికి ఆధారం. అయినా మూడవ కోణాన్ని లెక్కతో సరిపెట్టుకోక, తప్పు పట్టుకోవటానికి, వీలున్న చోటల్లా అక్కడికీ పోయి కొలిచారు. పోవటమంటే అరటన్ను బరువున్న థియోడొలైట్‌ను కూలీలు కొండలమీదికి మోయటం, అడవి నరకటం, జ్వరాలపాలు కావటం. కృష్ణా గోదావరుల మధ్య అడవులలో జ్వరపడిన జార్జి ఎవరెస్టు 1820లో ఆరోగ్యంకోసం ఆఫ్రికా దక్షిణపు కొసకు వెళ్లాడు. కూలీలను ఏ ఓడా ఎక్కించలేదు.

ఈ సర్వేలో 1831లో గణకుడుగా చేరిన రాధానాథ సిక్దార్ హిందూ కాలేజీ విద్యార్థి. 1852లో 15వ నెంబరు శిఖరమే లోకంలో ఎత్తయినదని తేల్చిన లెక్కలో ముఖ్య గణకుడాయనే. శిఖరానికి మాత్రం ఎవరెస్టు పేరు పెట్టారు. ఇది అందరూ చెప్పుకునే కథ. నాకు ఇంతకంటె పెద్దదిగా కనిపించేది 1843 నాటి డెహ్రాడూన్ ముచ్చట. అక్కడి మేజిస్ట్రేటు సర్వే కూలీలచేత తన సామాను వెట్టికి మోయించుకొంటే, రాధానాథుడు అడ్డుతగిలాడు. కచేరీ ఆయనకే 200 రూపాయల జరిమానా వేసింది! వెట్టి అన్న మాట తెలంగాణా వారికి విప్పి చెప్పనక్కరలేదు.

1851లో వెలువడిన సర్వే గ్రంథంలోని శాస్త్రభాగాలకు ఆయన సాయం పీఠికలో ఒప్పుకున్నారు. ఆయన 1870లో పోయాడు. 1875 నాటి మూడవ కూర్పులో ఆ కృతజ్ఞత మాయమయింది. లెక్కలు మాత్రం నిలిచినవి. ఆ మరుసటి యేడు ఒక ఇంగ్లీషు పత్రికే దీన్ని తీవ్రంగా ఖండించింది.

ఇదంతా విని మా కుర్రవాడు, "ఆ కూలీల పేర్లేమిటండీ?" అని అడిగాడు. జరిమానా మొత్తం తెలుసు, మేజిస్ట్రేటు పేరు వాన్సిటార్ట్ అనీ తెలుసు. పేర్లు నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేవన్నాను. వాడు కాగితం తీసుకొని, 127 కూడా వ్రాసి, మేష్టారి బల్లమీద పెట్టివచ్చాడు.