ధర మరుగున పడింది, షరతు మిగిలింది

వ్యాపారాన్ని విక్రయించేవారి చూపు సాధారణంగా ధర మీదే నిలుస్తుంది. కాలం గడిచాక ఆ సొమ్ము లెక్కల్లో కలిసిపోతుంది. ఒప్పందంలో రాయించుకున్న షరతు మాత్రం మిగులుతుంది. డెన్మార్క్ మన దేశంలో చేసిన రెండు విక్రయాలు ఈ సంగతిని చెబుతాయి.

లాభాలు అడుగంటిన తరంగంబాడి, శ్రీరాంపూర్ స్థావరాలను డెన్మార్క్ 1845లో ఈస్టిండియా కంపెనీకి పన్నెండున్నర లక్షల రూపాయలకు అమ్మివేసింది. అయితే సంతకానికి ముందు ఒక జాగ్రత్త తీసుకుంది. శ్రీరాంపూర్ కళాశాలకు పట్టాలు ప్రదానం చేసే అధికారాన్ని ఇస్తూ 1827లో రాజు ఆరవ ఫ్రెడరిక్ జారీ చేసిన శాసనం, యాజమాన్యం మారినా చెల్లుబాటు కావాలని ఒప్పందంలో చేర్పించింది. తరువాత కంపెనీ అంతరించింది, సామ్రాజ్యమూ అస్తమించింది. హైదరాబాద్‌లోని ఆంధ్రా క్రైస్తవ థియలాజికల్ కళాశాలలో చదివినవారు నేటికీ శ్రీరాంపూర్ పట్టానే అందుకుంటున్నారు.

నికోబార్ దీవులు ఆ విక్రయంలో చేరలేదు. 1756 నుంచి అక్కడ వలస నెలకొల్పేందుకు డేన్లు చేసిన ప్రయత్నాలను మలేరియా పదేపదే విఫలం చేసింది. దీవులను మరోసారి పరిశీలించే బాధ్యతతో 1845లో గలాథియా అనే యుద్ధనౌక బయలుదేరింది. ఫలితం లేకపోయింది; 1848లో ఆ ఆశ వదులుకున్నారు. 1868లో తమ హక్కులను బ్రిటన్‌కు విక్రయించారు. మరుసటి ఏడాది బ్రిటన్ దీవులను స్వాధీనం చేసుకుంది. అమ్మినవారు ఆ దీవుల్లో నిలదొక్కుకోలేనివారు. తరతరాలుగా అక్కడ నివసిస్తున్న నికోబారీల, షోంపెన్ల సమ్మతిని ఎవరూ కోరలేదు.

గ్రేట్ నికోబార్‌లోని గలాథియా అఖాతానికి ఆ నౌక పేరే స్థిరపడింది. నేడు భారీ ఓడరేవు నిర్మాణానికి ఎంపికైన స్థలం అదే. ప్రాజెక్టుకు అటవీ భూమిని మళ్లించేందుకు గిరిజన మండలి 2022 ఆగస్టులో నిరభ్యంతర పత్రం ఇచ్చి, నవంబరులో దానిని ఉపసంహరించుకుంది. 2004 సునామీకి ముందు తమవారు నివసించిన గ్రామాల భూములూ ప్రాజెక్టులోకి పోతాయన్న విషయం తమకు ముందుగా తెలియజేయలేదన్నది మండలి వాదన. అప్పటికే సూత్రప్రాయ అటవీ అనుమతి, పర్యావరణ అనుమతి వెలువడ్డాయి.

1845లో బేరమాడింది ఒక రాజ్యం. షరతులను పరిశీలించే నిపుణులు, అంగీకరించకుండా నిలబడే బలం దానికి ఉన్నాయి. గిరిజన మండలికి పూర్తి వివరం మూడు నెలలు ఆలస్యంగా అందింది. ఏమి వదులుకుంటున్నారో తెలియనివారి సంతకాన్ని సమ్మతిగా లెక్కించడం న్యాయం కాదు. 1868లో ఎవరూ అడగని ప్రశ్నను 2022లోనైనా సక్రమంగా అడిగి ఉండవలసింది.