'డన్' బటన్ ఎక్కడ? ఫెడోరా ఇన్‌స్టాలర్‌తో యూజర్ల తికమక

కంప్యూటర్‌లో ఫెడోరా లైనక్స్ వేసుకోవాలంటే 'అనకొండ' ఇన్‌స్టాలర్‌ను దాటాల్సిందే. ఒకప్పుడు 'నెక్స్ట్' నొక్కుతూ పోతే పని అయిపోయేది. 2013 జనవరి 15న విడుదలైన ఫెడోరా 18తో సీన్ మారింది. ఇన్‌స్టాలర్‌ను కొత్తగా తయారుచేయడంతో ఆ వెర్షనే రెండు నెలలు ఆలస్యమైంది.

కొత్త పద్ధతిలో కీబోర్డ్, టైమ్, డిస్క్ వంటివన్నీ ఒకే స్క్రీన్‌పై కనిపిస్తాయి. ఏది ముందు చేయాలన్నది యూజర్ ఇష్టం. వినడానికి బాగానే ఉన్నా చిక్కంతా ఇక్కడే వచ్చింది. సెట్టింగ్ పూర్తయ్యాక నొక్కాల్సిన 'డన్' బటన్‌ను పైన ఎడమ మూలలో పెట్టారు. మామూలుగా అక్కడ 'బ్యాక్' ఉంటుంది. దాంతో కింద కుడివైపు వెతికేవాళ్లు తికమకపడ్డారు.

అసలు భయం డిస్క్ దగ్గరే. ఖాళీ చాలకపోతే పాత పార్టిషన్లు తీసేయమంటుంది. అక్కడే 'డిలీట్ ఆల్' కూడా ఉంటుంది. తెలియక దాన్ని ఎంచుకుని ముందుకెళ్తే విండోస్‌తో పాటు ఫొటోలు, ఫైళ్లు గల్లంతే! అయితే 'బిగిన్ ఇన్‌స్టాలేషన్' నొక్కేదాకా డిస్క్‌లో ఏదీ చెరిగిపోదు. అప్పటిదాకా వెనక్కి తగ్గొచ్చు.

2025 ఏప్రిల్‌లో వచ్చిన ఫెడోరా 42 వర్క్‌స్టేషన్‌లో మళ్లీ ఒక్కో పేజీ దాటుకుంటూ వెళ్లే కొత్త ఇన్‌స్టాలర్ పెట్టారు. అంటే పన్నెండేళ్ల తర్వాత తిరిగి పాత దారికే వచ్చారన్నమాట. ఇన్‌స్టాలర్ ఏదైనా సరే, ముఖ్యమైన ఫైళ్లను ముందే వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవడం మాత్రం మరవొద్దు.