గోదావరీ తీరమందలి నేతపురములు



గోదావరీమండల చరిత్రమనగానే రాజమహేంద్రవరమును, రాజరాజనరేంద్రుని కొలువును, నన్నయభట్టారకుని భారతాంధ్రీకరణమును మనకు స్ఫురించును. అది యుచితమే. కాని రాజులు కొలువుదీరనట్టియు, కవులు వర్ణింపనట్టియు చిన్నపురములు కొన్ని యీ నదీపాయల యొడ్డున గలవు. వానికి ఖ్యాతి దెచ్చినది ఖడ్గము గాదు, మగ్గము. అట్టి మూడు పురముల వృత్తాంతమును మన నేత సోదరుల సన్నిధిని విన్నవింపుచున్నారము.

త్ర్యంబకమున బుట్టిన గోదావరి ధవళేశ్వరమునకు దిగువను గౌతమీ వసిష్ఠలుగ చీలును. వసిష్ఠనుండి వైనతేయము వేఱుపడును. వసిష్ఠయొడ్డున నరసాపురముచెంత మాధవాయపాలెము, వైనతేయముచెంత బెండమూర్లంక, గౌతమిదాపున యానాము సమీపమున ఇంజరము ఉన్నవి. ఈ మూడింటను ఇంగ్లీషు కంపెనీవారు బట్టల కొఠీలు నెలకొల్పిరి. పాలకొల్లున డచ్చివారును, యానామున ఫ్రెంచివారును వర్తకము సాగించిరి.

పరదేశీయు లిచటికే వచ్చుటకు కారణము స్పష్టము. పాయలవెంట పడవలమీద బట్టలు సముద్రము చేరును. చలువ చేయుటకు తియ్యని నీరు గలదు. అన్నింటికంటె ముఖ్యముగా, ఊరూర నేతగాండ్రుండిరి. తోపుల నీడల పడుగులు సాచి, గంజి పెట్టి, ఇంటిల్లిపాదియు శ్రమింపగా నొక తాను తయారగుచుండెను.

కొఠీవారు నేతగానికి ముందుగా బయానా నిచ్చెడివారు. బట్ట తెచ్చినపిదప దానిని తరగతులుగా నేర్పరచి, నాసి యని తోచినదానికి వెల తగ్గించెడివారు. బయానా తీరువఱకు నేతగా డన్యులకు నేయరాదు. పంట లేని యేట ఆ సొమ్మే కుటుంబమును బ్రతికించుట నిజము. ఆ సొమ్మే సంకెల యగుటయు నిజము. ఈ రెంటిలో నొకదానినే చెప్పుట చరిత్ర గాదు.

1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ యీ మూడు కొఠీలను పట్టుకొనెను. పిదప నవి మరల ఇంగ్లీషువారి వశమయ్యెను. దొరలు మాఱినను మగ్గము మాఱలేదు. దానిని కదల్చినది వేఱొకటి. ఇంగ్లండునందలి యంత్రముల నూలుబట్ట చౌకగా మన రేవులకు దిగసాగెను. 1833నాటికి మాధవాయపాలెపు వర్తకస్థానము మూతవడెను. ఆ సమయముననే నందన సంవత్సరపు కఱవు దేశమును పీడించెను. 1852లో కాటను దొర యానకట్ట పూర్తియై పొలములు పచ్చవడెను గాని, ఆ నీరు మగ్గపు గుంటలోనికి రాలేదు.

ఇంతకంటె నాశ్చర్యకరమగు విషయ మొకటి గలదు. మాధవాయపాలెమున కొన్న సన్నని తెల్లబట్టకు పాశ్చాత్యులు ‘మదపొల్లాము’ అని పేరిడిరి. ఊరి నేత క్షీణించినపిదపను ఆ పేరు చావలేదు. ఇంగ్లండు యంత్రములపై నేసిన బట్టయే యా పేరుతో మన దేశమునకు దిగుమతియై, మన యంగళ్లలో నమ్ముడువోయెను. ఫ్రెంచి భాషలో నేటికిని ఆ మాట గలదు. మన తాతల పనితనమునకు పరాయి నిఘంటువులో చోటు దొరకెను. మన పిల్లల పుస్తకములో దొరకలేదు.

మేము పెక్కేండ్లు పాఠశాలలో చరిత్ర బోధించితిమి. పానిపట్టు యుద్ధములు మూడింటి తేదీలను పిల్లలచే వల్లె వేయించితిమి. ఎదుట నేతబిడ్డలు కూర్చుండియున్నను, ఈ మూడూళ్ల పేరులను ఒక్కనాడైన నుచ్చరింపమైతిమి. ఆ లోపము మాది. దానిని దిద్దుకొనుటకే యీ వ్యాసము.

కోనసీమయందు బండారులంక మొదలగు గ్రామములలో నేటికిని మగ్గము పలుకుచున్నది. కావున మా మనవి యిది: మీ యిండ్ల యటుకలమీద తాటాకులు, పద్దుపుస్తకములు, పాత తానులు ఉన్నచో పారవేయకుడు. వృద్ధులు చెప్పు మాటలను వ్రాసియుంచుడు. నది యొడ్డును కోసికొనిపోయిన మరల మేట వేయును. మఱపు కోసినదానికి మేట లేదు.

స్వస్తి.