క్యాన్సర్ గట్టెక్కినవారి ఆసరా అవసరాలు, పిల్లల చదువు: ద్రాక్షారామం పరిసరాలు

పంచారామాల్లో ఒకటైన ద్రాక్షారామం 2022 ఏప్రిల్‌లో తూర్పు గోదావరి నుంచి కొత్త కోనసీమ జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారినా క్యాన్సర్ వైద్యానికి ఇక్కడివారు పట్టే దారి పెద్దగా మారలేదు: కాకినాడ, రాజమహేంద్రవరం, అక్కడా కాదంటే విశాఖ శివారు అగనంపూడిలోని హోమీ బాబా ఆసుపత్రి, లేదా హైదరాబాదు.

‘గట్టెక్కినవారు’ ఎవరన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. అయిదేళ్లు దాటినవారినే లెక్కించడం పాత పద్ధతి. జబ్బు బయటపడ్డ రోజు నుంచే లెక్కించాలన్న వాదం, తానూ క్యాన్సర్‌కు గురైన అమెరికా వైద్యుడు ఫిట్జ్‌హ్యూ ముల్లన్ 1985లో రాసిన వ్యాసంతో బలపడింది. ఇల్లు తల్లకిందులయ్యేది ఎక్కువగా తొలి నెలల్లోనే కనుక ఇక్కడికి రెండోదే నప్పుతుంది.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆసుపత్రి బిల్లును చాలావరకు మోసింది గానీ, రోగి కూలీ, తోడు వెళ్లినవారి కూలీ దాని లెక్కలోకి రాలేదు. 2019 డిసెంబరులో వచ్చిన ఆరోగ్య ఆసరా రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇచ్చి ఆ లోటును కొంత గుర్తించింది. జనం ‘కరెంటు పెట్టడం’ అనే రేడియేషన్ తరచుగా వారానికి అయిదు రోజుల చొప్పున అయిదారు వారాలు సాగుతుంది. అవి నాట్ల రోజులో దాళ్వా కోతల రోజులో అయితే నష్టం మరీ ఎక్కువ. తల్లి మంచాన పడితే వంట, తమ్ముళ్ల ఆలనాపాలనా సాధారణంగా పెద్దపిల్ల మీద పడతాయి. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లగా తండ్రికి జబ్బు చేసిన ఇళ్లలోనూ అంతే.

తల్లిదండ్రుల క్యాన్సర్‌కూ పిల్లల మార్కులు తగ్గడానికీ సంబంధం ఉన్నట్టు డెన్మార్క్ రిజిస్టర్లు చూపాయి. మరణం సంభవించిన ఇళ్లలో అది ఎక్కువ. గోదావరి డెల్టాకు దాన్ని యథాతథంగా అన్వయించలేం, డెన్మార్క్ సంక్షేమ వ్యవస్థ వేరు.

జబ్బు పిల్లలకే వస్తే, లుకేమియా చికిత్స తరచుగా రెండు మూడేళ్లు పడుతుంది. తలకు రేడియేషన్ ఇచ్చిన కొందరిలో జ్ఞాపకశక్తి, లెక్కలు చేసే వేగం తగ్గుతాయి. దాన్ని బద్ధకమనుకునే ప్రమాదం ఉంది. 2009 విద్యాహక్కు చట్టం బడి మానిన పిల్లలకు వయసుకు తగ్గ తరగతిలో ప్రవేశం, ప్రత్యేక శిక్షణ ఇవ్వమంటుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం పేర్కొన్న 21 వైకల్యాల్లో క్యాన్సర్ లేదు. 2020 నాటి అమ్మ ఒడి సాయానికి 75 శాతం హాజరు షరతు ఉండేది.

రాచపుండు అంటుకుంటుందన్న అపోహ, ఆడపిల్ల పెళ్లి ఆగిపోతుందన్న భయం ఇంకా పూర్తిగా పోలేదు. అందుకే ఆసుపత్రి చీటీలో జబ్బు పేరుంటే దాన్ని బడిలో చూపడానికి కొందరు వెనకాడతారు. చూపకపోతే హాజరుపట్టీలో ఆ రోజులన్నీ ఉత్త నాగాలే.