ఊరేగింపు బాట, నడకదారి

ఏథెన్స్‌లో అక్రోపొలిస్ గుట్టను చుట్టి నడవడం ఇవాళ అరవై దాటినవాళ్లకూ తేలికే. హేడ్రియన్ తోరణం దగ్గర బయల్దేరి, డయొనైసస్ నాటకశాలనూ హెరోడెస్ ఆటికస్ సంగీతశాలనూ కుడిచేతి వైపు ఉంచుకుని పడమరకు సాగాలి. గుట్ట దాటాక ఉత్తరానికి తిరిగి, పాతకాలపు సంతమైదానం అగోరా పక్కగా దిగి, కెరమైకోస్ శ్మశానవాటిక చేరాలి. మొత్తం మూడు కిలోమీటర్లకు మించదు. వాహనాల రొద తక్కువ, ఎక్కాల్సింది స్వల్పం. ఈ సౌకర్యం వచ్చి పాతికేళ్లు కూడా కాలేదు. దీని వెనక మాత్రం రెండున్నర వేల ఏళ్ల నడక ఉంది.

మొదటి బాట పానథెనాయిక్ మార్గం. కెరమైకోస్ దగ్గరి డిపిలాన్ ద్వారంలో మొదలై, అగోరాను ఐమూలగా కోసుకుంటూ అక్రోపొలిస్ ఎక్కేది. నిడివి కిలోమీటరు పైచిలుకు. ఏటా నడివేసవిలో ఎథీనా దేవి ఉత్సవం జరిగేది, నాలుగేళ్లకోసారి మహోత్సవం. ఆ రోజు ఊరంతా ఈ దారిన కదిలేది. దేవి కోసం అమ్మాయిలు నేసిన వస్త్రం, బలి పశువులు, గుర్రపు రౌతులు, బుట్టలు మోసే కన్యలు, పళ్లేలు పట్టుకున్న పరదేశి నివాసులు అందులో ఉండేవాళ్లు. ఏథెన్స్ ప్రజాస్వామ్యం స్త్రీలకూ పరదేశులకూ సభలో చోటివ్వలేదు, కానీ ఈ బాట మీద ఇచ్చింది. నా దృష్టిలో ఈ దారి గొప్పతనం అక్కడే ఉంది. గుట్ట మీద క్రీ.పూ. 447–432 మధ్య కట్టిన ఎథీనా ఆలయం పార్థెనాన్ గోడల పైభాగాన 160 మీటర్ల పొడవున చెక్కిన శిల్పాల వరస ఈ ఊరేగింపుదేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. క్రీ.పూ. 514లో నిరంకుశుడు హిప్పియాస్ తమ్ముడు హిప్పార్కస్ హత్యకు గురైందీ ఈ ఉత్సవం నాడే.

అప్పటి దారిని అగోరాలో ఇప్పటికీ తొక్కవచ్చు. చాలా మేర గట్టిపడిన కంకర నేలే, గుట్ట వైపు ఎక్కే చోట మాత్రం రోమన్ల నాటి రాతి పలకలున్నాయి. దాని తూర్పు అంచున ఉన్న గోడ దగ్గర కాసేపు ఆగాలి. క్రీ.శ. 267లో హెరూలీలనే దండు నగరాన్ని తగలబెట్టాక, మిగిలినవాళ్లు చేతికందిన రాయితో హడావిడిగా కట్టుకున్న గోడ అది. పాలరాతి స్తంభాల ముక్కలు, దూలాలు, చెక్కడపు రాళ్లు వరస తప్పి ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ఎంతో శ్రద్ధగా నిలబెట్టిన భవనాలు చివరికి ప్రాణరక్షణకు గోడలయ్యాయి. నాకు పార్థెనాన్ కన్నా ఈ గోడే ఎక్కువ మాట్లాడుతుంది.

అంతకు ముందే, రెండో శతాబ్దంలో, పౌసానియస్ అనే గ్రీకు యాత్రికుడు ఈ వీధుల్లో తిరిగి చూసినవన్నీ రాసిపెట్టాడు. ఈనాటి తవ్వకాల్లో బయటపడ్డ పునాదులకు పేర్లు పెట్టడంలో ఆయన గ్రంథం పెద్ద ఆధారం. పక్కనే ఉన్న అరేయొపగు గుట్ట బైబిలు చదివే తెలుగువాళ్లందరికీ తెలిసిందే, పౌలు ప్రసంగించిన చోటు. శతాబ్దాల అడుగులకు అక్కడి రాతిమెట్లు నున్నగా అరిగి జారుతున్నాయి. పక్కన వేసిన ఇనుప మెట్ల మీదే ఎక్కడం మంచిది.

తర్వాతి కథ త్వరగా చెప్పేయవచ్చు. పార్థెనాన్ చర్చి అయింది, ఆపైన మసీదయింది. 1687లో వెనిస్ సేనల ఫిరంగి గుండు తగిలి, లోపల ఒట్టోమన్లు దాచిన మందుగుండు పేలి నడుమ కూలిపోయింది. ఊరు కుంచించుకుపోయి, పాత ఊరేగింపు బాట ఇళ్ల కింద పూడిపోయింది.

నడకదారి ఆలోచన 1833లో పుట్టింది. ఏథెన్స్‌ను కొత్త గ్రీసు రాజధానిగా మలచడానికి క్లెయాంథెస్, షౌబెర్ట్ అనే ఇద్దరు యువ వాస్తుశిల్పులు పథకం గీశారు. గుట్టకు ఉత్తరాన ఉన్న నేలను భావి తవ్వకాల కోసం కట్టడాలు లేకుండా ఖాళీగా ఉంచాలన్నారు. స్థలాల యజమానులు ఒప్పుకోలేదు, పరిహారమివ్వడానికి ఖజానాలో డబ్బు లేదు. ఇళ్లు లేచాయి. శతాబ్దం చివర్లో రైలుమార్గాన్ని ఏకంగా అగోరా ఉత్తర భాగం గుండా వేశారు. నగరం నుంచి దూరాలు కొలవడానికి మూలస్థానమైన పన్నెండుగురు దేవతల బలిపీఠం చాలావరకు ఆ పట్టాల కిందే ఉండిపోయింది. 2011లో మార్గం మరమ్మతు చేస్తుంటే పీఠం బయటపడింది. అలాగే ఉంచమని పలువురు పోరాడినా మళ్లీ కప్పేశారు.

1931లో అమెరికన్ పరిశోధకులు అగోరా తవ్వకాలు మొదలుపెట్టారు. అందుకోసం వ్రిసాకి అనే పేట మొత్తం, దాదాపు 400 ఇళ్లు, నేలమట్టమైంది. వెయ్యేళ్ల నాటి పవిత్ర అపొస్తలుల చర్చి ఒక్కటే నిలిచింది. మనం ఇవాళ హాయిగా తిరిగే ఆ పచ్చిక కోసం కొన్ని వేలమంది తమ వీధిని వదులుకున్నారు. ఆ పేట గురించి అక్కడికి వెళ్లేవాళ్లు తెలుసుకు తీరాలి.

1954లో ఈ చరిత్రలో నాకు అత్యంత ఇష్టమైన మనిషి వస్తాడు, వాస్తుశిల్పి దిమిత్రిస్ పికియోనిస్. అక్రోపొలిస్‌కూ ఎదుటి ఫిలోపాపస్ కొండకూ బాటలు వేసే పని ఆయనకు అప్పగించారు. ఆ రోజుల్లో నగరంలో పాత ఇళ్లను వరసగా కూల్చి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. ఆ శిథిలాల్లోంచి గడప రాళ్లు, పాలరాతి ముక్కలు తెప్పించి, తాపీవాళ్లతో కలిసి నేల మీదే కూర్చి బాట పరిపించాడు. వంగి చూస్తే ఒక పలక చదరం, పక్కది వంకర, మధ్యలో ఏదో ఇంటి చెక్కడపు తునక కనిపిస్తాయి. ఏ రెండడుగుల మేరా ఒకేలా ఉండదు. కన్ను నేలకు దిగుతుంది, నడక నెమ్మదిస్తుంది.

అయినా గుట్ట దక్షిణ వీధిలో కార్లు, యాత్రికుల బస్సులు పోతూనే ఉండేవి. గాలి చెడి పాలరాయి కరుగుతుంటే 1979లో గుట్ట మీద స్తంభాలుగా నిలిచిన కారియటిడ్ స్త్రీమూర్తులను మ్యూజియంలోకి మార్చాల్సి వచ్చింది. 1980ల్లో సాంస్కృతిక మంత్రి మెలినా మెర్కూరీ పురావస్తు స్థలాలన్నిటినీ కలపాలని పట్టుబట్టింది. 1997లో అందుకోసం ప్రత్యేక సంస్థ ఏర్పడింది. 2004 ఒలింపిక్స్ నాటికి వీధిని నడిచేవాళ్లకు వదిలారు. 1833 నాటి ఆలోచనలో కొంత, 170 ఏళ్ల తర్వాత నెరవేరింది.

ఇప్పటి వివాదం గుట్టపై వేసిన కాంక్రీటు బాటలది. 2020లో కొత్త లిఫ్టు పెట్టి, ఎగుడుదిగుడు రాతి నేలను బాటలతో కప్పారు. సహజమైన రాయి కనుమరుగైందని విమర్శకులు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు పార్థెనాన్ దాకా చేరుతున్నారని అధికారులు అంటున్నారు. నేను చక్రాల కుర్చీ పక్షం. ఊరంతా నడిచిన దారి కొందరికే కావడం దాని స్వభావానికే విరుద్ధం. విమర్శలోనూ నిజముంది కాబట్టి ఆ పొరను రాయికి హాని లేకుండా తీయగలిగేలానే ఉంచాలి.

2023 నుంచి అక్రోపొలిస్‌కు రోజుకు 20,000 మందినే అనుమతిస్తున్నారు, వడగాడ్పుల్లో మధ్యాహ్నం మూసేస్తున్నారు. వెళ్లేవాళ్లు పొద్దున్నే కెరమైకోస్‌లో మొదలుపెడితే మేలు. ఎరిడనోస్ వాగు పక్కన సమాధులు చూసి, రైలు పట్టాల మీది వంతెన దాటి అగోరాలో అడుగుపెడితే, అక్కడి నుంచి ఊరేగింపు వెళ్లిన వైపే ఎక్కవచ్చు.